ఎడమ అంచు

నేను అల్లిన మొదటి స్వెటర్ ముక్కను నేల మీద పరిస్తే అది ఎడమ పక్కకు వంగి పడుకుంది. కుడి అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఎడమ అంచు మాత్రం ముడుచుకుపోయి, ఊలునంతా తన వైపుకే గుంజుకుని ఉంది. రెండోది అల్లాను. అదీ అంతే. మూడోది కూడా అట్లాగే వచ్చేసరికి ఒళ్ళు మండి ముక్కను మూలకు విసిరికొట్టాను. మా అమ్మ లేచి వెళ్ళి దాన్ని తీసుకుంది. ఎడమ అంచును బొటనవేలితో పై నుంచి కింది దాకా తడిమింది. తర్వాత మడిచి తన ట్రంకు పెట్టెలో పెట్టుకుంది. చెడిపోయిన ముక్కను ఎందుకు దాస్తున్నావని అప్పుడే అడగాల్సింది. నాకు అంత ఓపిక ఎక్కడిది?

మాది కేతేపల్లి దగ్గర ఒక ఊరు. మా వాడలో ఒకప్పుడు ఇంటికో మగ్గం. తెలంగాణ వచ్చిన ఏడు కూడా నాలుగైదు ఆడుతుండేవి, వాటిలో మా బాపుది ఒకటి. నేను దారం చుట్టడం, గంజి పెట్టడం నేర్చుకున్నాను గానీ మగ్గం మీద ఎప్పుడూ కూర్చోలేదు. పెద్దయ్యాక నార్కట్‌పల్లిలో హైవే పక్క హోటల్లో బిల్లు కౌంటర్ దగ్గర ఆరేళ్ళు నిలబడ్డాను. బస్సు ఆగినప్పుడల్లా మీద పడే జనం, చిల్లర కోసం కేకలు, సాయంత్రానికి పిక్కల్లో ఉబ్బిన నరాలు. ఇక నిలబడటం నా వల్ల కాదని తేలిపోయాక నల్లగొండలో మూడు వారాలు అల్లిక మిషన్ నేర్చుకున్నాను. బడి పిల్లల స్వెటర్లు కుట్టించి అమ్మే సేటు ఒకాయన తన మిషన్ ఒకటి మా ఇంట్లో పెట్టించి, ఒకే మాట చెప్పాడు.

"నెల దినాలు చూస్త. పది స్వెటర్లు అంచు కరాబ్ గాకుండ తీసినవనుకో, మిషన్ నీ ఇంట్లనే ఉంటది, పని నేను పంపుత. లేకుంటె అడిగెటోళ్లు శానమంది ఉన్నరు."

మిషన్ పోతే నేను మళ్ళీ ఆ కౌంటర్ వెనక నిలబడాలి. ఆ ఆలోచన వస్తేనే కాళ్ళు లాగేవి.

మిషన్‌ను ఎక్కడ పెట్టాలా అని మేం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మగ్గం ఉన్న జాగాలోనే బల్ల వేసి పెట్టాం. మా ఇంట్లో పని జరిగిన చోటు అదొక్కటే, కిటికీ వెలుతురు సరిగ్గా అక్కడే పడుతుంది. బాపుది గుంట మగ్గం. నేలలో తొడల లోతు గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి తొక్కుతూ నేసేది. బాపు పోయిన రెండేళ్ళకు ఆ మగ్గం విప్పించి, గుంట పూడ్పించి, పైన షాబాదు బండలు వేయించింది నేనే.

ఆ విప్పించడం వెనక ఒక సంగతి ఉంది. మగ్గం మీద నిలువుగా పరిచి కట్టిన దారాలను పడుగు అంటారు. పడుగు సగంలో ఉండగా నేసే మనిషి పోతే, మా వాడలో దాన్ని కత్తిరించరు. ఇంటివాళ్ళో పక్కింటివాళ్ళో కూర్చుని కొస దాకా నేసి, అప్పుడే బట్టను దించుతారు. బాపు కరోనా రెండో విడతలో నాలుగు రోజుల జ్వరంతో దవాఖానలో పోయాడు. పడుగు సగం మిగిలింది. ఆ దినాల్లో మా గడప తొక్కేదెవరు? తర్వాత ఎవరినన్నా అడుగుదామంటే వాడలో నేసే చేయి ఒక్కటీ మిగల్లేదు. ఒకరు వాచ్‌మన్‌గా పోయారు, ఒకరు కొడుకు దుకాణంలో కూర్చున్నారు. రెండేళ్ళు ఆ సగం బట్ట దుమ్ము పట్టింది. ఒక పొద్దున నేనే కత్తెర తీసుకుని కోసేశాను. అమ్మ అడ్డుపడలేదు, ఏడవలేదు.

"గుంట రేపు పూడుస్తరా?" అని మాత్రం అడిగింది.

మిషన్ గురించి కొంచెం చెప్పాలి. పొడుగాటి ఇనుప పలక మీద రెండు వందల సూదులు వరసగా ఉంటాయి. వాటి మీద ఒక బండిని చేత్తో అటూ ఇటూ తోస్తుంటే, తోసినప్పుడల్లా ఒక వరుస అల్లుకుంటుంది. పక్కనున్న చిన్న తెర మీద ఎన్నో వరుసో అంకె పడుతుంది. ఏ సూది అల్లాలో, ఏది వదలాలో మిషనే చూసుకుంటుంది. అది చూసుకోనిది దారం బిగువు. ఊలు వెనకనున్న ఉండలోంచి లేచి, రెండు బిళ్ళల మధ్య దూరి, పైనున్న సన్నటి తీగ కొనను దాటి బండిలోకి దిగుతుంది. బిళ్ళలు దాన్ని ఎంత నొక్కాలో, తీగ ఎంత గుంజాలో మన చేయే కనిపెట్టుకోవాలి.

నాకు నేర్పిన మేడంకు వీడియో కాల్ చేసి అంచు చూపించాను.

"తీగ గట్టిగ గుంజుతున్నట్టున్నది. బిళ్ళలు జర వదులు చెయ్యి," అంది.

చేశాను. కుడి పక్క కుట్లు జారి వేలాడాయి, ఎడమ అంచు చెక్కుచెదరలేదు. బిళ్ళల మధ్య పోగులు ఇరుక్కున్నాయేమో తుడవమంది. తుడిచాను. ఉండ గట్టిగా చుట్టి ఉంటే విప్పి మళ్ళీ చుట్టుకోమంది. ఆ పని పుట్టుకతో వచ్చిందే కాబట్టి చక్కగా చుట్టాను. మైనం రాయమంది, రాశాను. బండి మీది బిగువు చక్రాన్ని ఏడులో పెట్టాను, ఎనిమిదిలో పెట్టాను, ఆరులో పెట్టి బండి కదలక మొండిగా తోసి ఒక సూది విరగ్గొట్టుకున్నాను. గాలికి ఊలు ఊగినా బిగువు మారుతుందని చెబితే ఫ్యాను బంద్ చేశాను. ఏప్రిల్ ఎండలో, ఫ్యాను లేకుండా, చలికాలపు బట్టలు అల్లుతూ కూర్చున్న నన్ను చూసి వాకిట్లో పోయేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. పదహారు రోజులు పోయాయి. సేటుకు చూపించదగ్గ ముక్క ఒక్కటి లేదు.

అప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. మా ఇళ్ళలో దారం మాట వినకపోతే గంజి పెడతాం. పల్చటి బియ్యం గంజి కాచి, చల్లార్చి, ఊలును అందులో ముంచి, పిండి, వాకిట్లో తీగ మీద ఆరేశాను. సాయంత్రానికి ఊలు పుల్లల్లాగా నిలబడింది. మిషన్‌కు ఎక్కిస్తే బిళ్ళల నిండా తెల్ల పొడి రాలింది. నాలుగో వరుసకు దారం పుటుక్కుమంది. మేడంకు చూపిస్తే నవ్వు ఆగక ఫోను పక్కన పెట్టేసింది. మళ్ళీ తీసుకుని అడిగింది.

"ఊలుకు గంజి పెట్టుమని ఎవలు చెప్పిన్రు తల్లీ నీకు? గది మగ్గం గాదు. మగ్గానికి దారం బిర్రుగుండాలె, దీనికి సాగుతుండాలె."

నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక నవ్వు ఆగిపోయింది. మగ్గం అన్న మాట వినగానే ఇన్నాళ్ళూ నాకు తట్టని సంగతి ఒకటి తట్టింది.

బాపు నేసిన ప్రతి బట్టకూ ఎడమ అంచు బిగుసుకునే వచ్చేది. నేను పుట్టకముందే ఆయన ఎడ్లబండి మీంచి పడి కుడి భుజం పట్టేసింది. అప్పటి నుంచి ఆయన భారమంతా ఎడమ చేతి మీదే. అటూ ఇటూ దారం మోసే నాడెను ఎడమ వైపు అందుకున్న ప్రతిసారీ దారాన్ని ఒక్క పిసరు ఎక్కువ గుంజేవాడు. బట్ట కొనేవాళ్ళు మడత విప్పి ఎడమ అంచు పట్టుకోగానే "గిది నీదే" అనేవాళ్ళు. అది తిట్టో మెప్పో నాకు ఎప్పుడూ తెలియలేదు, బాపు మాత్రం నవ్వేవాడు. అమ్మ ఆ అంచును ముప్పై ఏళ్ళు చేత్తో తడిమింది. నేను విసిరికొట్టిన ముక్కను ఎందుకు దాచుకుందో అప్పుడు అర్థమైంది. 

ఇంకొకటి కూడా అప్పుడే గుర్తించాను. మిషన్ వచ్చిన దగ్గర్నుంచి అమ్మ మధ్యాహ్నం అన్నం తినడం లేదు. బాపు ఉన్నన్నాళ్ళూ ఆయన మగ్గం మీంచి లేచి కాళ్ళు కడుక్కునేదాకా ఆమె పళ్ళెం ముట్టేది కాదు. ఇప్పుడు తినమంటే "లేవనియ్యి" అనేది. నేను పని ఆపి లేచేదాకా ఆగుతోంది కాబోలు అనుకునేదాన్ని. కానీ నేను లేచి, తిని, చేయి కడుక్కున్నాక కూడా ఆమె పళ్ళెం గోడకు ఆనించినది ఆనించినట్టే ఉండేది.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం. వాడలో కుక్క కూడా కదలడం లేదు. అల్లిన బట్ట కిందికి సాగడానికి దాని చివర ఇనుప బరువులు వేలాడదీస్తాం. నేను నీళ్ళు తాగి వచ్చి స్టూలు మీద కూర్చోబోతూ వాటిని చూశాను. బరువులు తిన్నగా వేలాడటం లేదు. బట్టతో సహా ఎడమ కాలి వైపుకు వాలి ఉన్నాయి. ఎవరో బల్ల కింద కూర్చుని, చేత్తో పట్టుకుని, మెల్లగా తన వైపుకు గుంజుతున్నట్టుంది. వంగి చూశాను. బండలు తప్ప ఏమీ లేవు. బరువులను పట్టుకుని మధ్యకు తెచ్చి వదిలాను. అవి మళ్ళీ ఎడమ పక్కకే పోయి అక్కడ కదలకుండా ఆగిపోయాయి.

అప్పుడు బండల కింద 'దబ్' మని మెత్తటి చప్పుడయింది. కాసేపటికి ఇంకొకటి. మగ్గం పలక బట్ట మీద పడితే అచ్చం అట్లాగే ఉంటుంది. ఆ చప్పుడు వింటూ నిద్రపోయి, ఆ చప్పుడుకే లేచిన పిల్లను నేను. నాకు తెలియదా?

"ఇన్నవా?" అంది వంటింటి గడపలోంచి అమ్మ. "రోజూ గీ యాళ్లకే."

నాకు భయమేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

"ఎలుకలు! ఇంకేం లేదు. సచ్చిన మనిషిని ఇంట్ల కూసోబెట్టుకోని నా పని ఆగం జేస్తున్నవు నువ్వు," అని అరిచాను.

"నేనేడ కూసోబెట్టుకున్న బిడ్డా? సగం పని మీదికెల్లి లేపితిరి మనిషిని. యాడికి పోతడు?"

లేపింది ఎవరో ఆమె అనలేదు. కత్తెర పట్టింది నేనే కాబట్టి అనాల్సిన అవసరమూ లేదు. ఆ రోజు ఇక బండి ముట్టుకోలేదు. తెల్లారి కూడా ఆ గదిలోకి పోవడానికి కాళ్ళు రాలేదు. మిషన్ తీసుకుపొమ్మని సేటుకు చెప్పేద్దామని ఫోను తీశాను కూడా. కౌంటరూ, దాని ముందు మూగే జనమూ కళ్ళ ముందు మెదిలి, సేటుకు బదులు మేడంకు చేశాను. భయం సంగతి చెప్పలేదు. ఫోను బల్ల కిందికి తిప్పి బరువులు చూపించి, ఇవెందుకిట్లా వంకరగా పోతున్నాయని అడిగాను.

"ఫోను వంకర వట్టినవా?"

"లేదు మేడం."

ఆమె మొహం తెరకు దగ్గరగా తెచ్చి చూసింది.

"బరువులు వంకరగ లేవమ్మా. వేలాడేది ఎన్నటికైన నిక్కచ్చిగనే ఉంటది. వాలింది నీ బల్ల."

వెడల్పాటి స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి మిషన్ మీద పెట్టాను. నీళ్ళు ఎడమ అంచుకు చేరి అక్కడ పొర్లబోయాయి. కుడి పక్క పళ్ళెం అడుగు తేలి కనిపించింది. పంతొమ్మిది రోజులు దాని ముందే కూర్చుని, నేను దారాన్నే చూశాను గానీ నేలను చూడలేదు. తర్వాత మేడం విడమరిచి చెప్పింది. బండి ఎడమ పక్కకు పోయేటప్పుడు వాలుకు పడి, ఆగాల్సిన చోట ఆగకుండా నాలుగు వేళ్ళు ముందుకు పోతోంది. పోయినప్పుడల్లా దారం కొంచెం ఎక్కువ వస్తుంది. ఆ వదులు దారాన్ని పైనున్న తీగ చురుక్కున వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడు ఎడమ చివరి కుట్ల మీద పడుతుంది. ఇందులో దయ్యం లేదు, భూతం లేదు. ఊపిరి పీల్చుకున్నాను. కానీ నేల ఎందుకు కుంగిందో ఇంకా తెలియదు.

బండలు వేసిన మేస్త్రీనే పిలిపించాను. ఆయనకు రోషం వచ్చింది.

"నేను మట్టి పోసి దిమ్మిస తోటి గుద్ది గుద్ది నింపిన. కుంగుడు ఎట్లయితది?" అంటూనే గడ్డపార కొనతో బండ మీద తట్టాడు. కుడి పక్క గట్టిగా మోగింది. ఎడమ పక్క కుండ మీద కొట్టినట్టు డొల్లగా మోగింది. ఇద్దరం కలిసి మిషన్ జరిపాం. ఆయన ఎడమ పక్క బండలు రెండు లేపి తవ్వడం మొదలుపెట్టాడు. మోకాటి లోతు పోయేసరికి, అప్పటిదాకా గడపలో కూర్చుని చూస్తున్న అమ్మ లేచి వచ్చింది.

"జర పైలం. గాడ ఉన్నది," అంది.

మేస్త్రీ చేయి ఆగిపోయింది. 

మట్టి కింద చిరిగిన గోనెసంచి తేలింది. దాని నిండా చెదలు. గోనె లోపల బట్ట చుట్టుకునే మగ్గం కర్ర ఉండాలి. కర్ర ఉన్న చోట కర్ర ఆకారంలో మట్టి గూడు మాత్రమే ఉంది, ముట్టుకోగానే పొడిపొడిగా రాలిపోయింది. దానికి చుట్టి ఉన్న పడుగునూ చెదలు తినేశాయి. రోజూ ఎండకు పైబండలు కాగినప్పుడు ఆ ఖాళీలోకి పై మట్టి కొంచెం కొంచెం విరిగి పడుతోందని మేస్త్రీ చెప్పాడు. నేను విన్న చప్పుడు అదే.

గుంట పూడ్చడానికి ముందు రోజు సాయంత్రం నేను బజారుకు పోయినప్పుడు, అమ్మ ఒక్కతే ఆ గుంటలోకి దిగి, బాపు ఎడమ కాలు పెట్టుకునే చోట దాన్ని పడుకోబెట్టి, చేతులతో మట్టి కప్పి వచ్చిందట.

"కోసినంక యాడ పెట్టాలె మరి? బయట పారెయ్యనా?" అంది నన్ను చూడకుండా.

ఈసారి ఆమె మీద అరవలేదు. ఏడుపొచ్చింది. చెదలు తినగా మిగిలింది జానెడు బట్ట, లోపలి చుట్టులో దాక్కున్న కొన్ని బారల నూలు. బట్ట మట్టి రంగుకు తిరిగింది గానీ ఎడమ అంచు మాత్రం బిగుసుకుని అట్లాగే ఉంది. అమ్మ దాన్ని కొంగులో కట్టుకుంది.

మేస్త్రీ గుంటలో గట్టి మొరం మట్టి పోసి, తడిపి, ఈసారి మా ఇద్దరి కళ్ళ ముందే గుద్ది, బండలు సరిచేశాడు. రెండు రోజులు ఆరనిచ్చి మిషన్ పెట్టాను. పళ్ళెంలో నీళ్ళు నాలుగు వైపులా సమంగా నిలిచాయి. బరువులు తిన్నగా వేలాడాయి. మొదటి ముక్క రెండంచులూ ఒక్క తీరుగా వచ్చినప్పుడు ఎగిరి గంతేయాలనిపించింది. ఆరు రోజుల్లో పది స్వెటర్లు తీశాను. సేటు అంచులను సాగదీసి, వదిలి, మళ్ళీ సాగదీసి చూశాడు.

"ఉండనియ్యి మిషన్," అన్నాడు.

నాకు దక్కాల్సింది దక్కింది. కానీ అమ్మ ఇంకా మధ్యాహ్నం తినడం లేదు. మిట్టమధ్యాహ్నం వచ్చి బండల మీద చెవి ఆనించినంత పని చేసేది. "సప్పుడే లేదు," అనేది. ఆమె మొహం చూస్తే, నేను ఆయనను రెండోసారి లేపి పంపించినట్టు ఉండేది. ఎన్ని స్వెటర్లు తీస్తే ఆ మొహం బాగవుతుంది?

ఒక రోజు ఆమె కొంగులోంచి ఆ నూలు ముడి నేనే విప్పి తీసుకున్నాను. తెగిన చోటల్లా ముడివేసి, మైనం రాసి, ఉండ చుట్టాను. మిషన్ ముందు కూర్చునే ముందు పళ్ళెంలో నీళ్ళు పోసి చూశాను. సమంగా ఉన్నాయి. బిళ్ళలను పూర్తిగా వదులు చేశాను, చక్రాన్ని అన్నిటికన్నా వదులైన అంకెలో పెట్టాను. అయినా మూడుసార్లు తెగింది. నాలుగోసారి నిలిచింది. అమ్మ వచ్చి నా ఎడమ పక్కన నేల మీద కూర్చుంది. ముప్పై సూదుల మీద, వేలెడు పొడవు లేని పట్టీ, ఒక్కో వరుసా భయపడుతూ తోశాను. తెర మీద పంతొమ్మిది అంకె పడ్డాక నూలు అయిపోయింది. కుట్లు మూసి, దించి, నేల మీద పరిచాను.

కుడి అంచు తిన్నగా ఉంది. ఎడమ అంచు ముడుచుకుని, నూలునంతా తన వైపుకే గుంజుకుని ఉంది.

బరువులు చూశాను. తిన్నగా ఉన్నాయి. నీళ్ళు చూశాను. సమంగా ఉన్నాయి. నూలు ఊలులాగా సాగదు కాబట్టి బిగుస్తుందని మేడం తర్వాత చెప్పింది. అది నిజమే కావచ్చు. ఎడమ పక్కే ఎందుకు బిగిసిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

అమ్మ పట్టీని తీసుకుని ఆ అంచును బొటనవేలితో తడిమింది.

"ఒడిసిందా?" అని అడిగింది.

"ఒడిసింది. దారం అయిపోయింది."

"ఇగ లేస్తడు."

ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచి వంటింట్లోకి పోయింది. నాకు స్టూలు మీంచి కదలడానికి ధైర్యం చాల్లేదు. లోపల పళ్ళెం తీసిన చప్పుడైంది, అన్నం గిన్నె మూత తీసిన చప్పుడైంది. నేనింకా మిషన్ ముందే కూర్చుని ఉన్నాను. అమ్మ నన్ను పిలవకుండా, నా కోసం ఆగకుండా, తినడం మొదలుపెట్టింది.